ఏడుగురికి ఏడు ముద్దలు

కువైట్‌లో అమ్ఘరా పాత ఇనుము యార్డులో లారీలు తూచే వేబ్రిడ్జి పక్కన ఆగిన తెల్ల కారు అద్దం నాలుగు వేళ్ల మేర దిగింది. లోపలినుంచి ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత గొంతు.

"ఇనుము రేటెంత?"

"తుప్పును బట్టి," అన్నాడు సుధాకర్.

కోడ్ సరిపోయింది. సుధాకర్ చేతి గ్లవ్స్ విప్పి ముందు సీట్లో కూర్చున్నాడు. అతను రెండేళ్లుగా అక్కడ ఫోర్క్‌లిఫ్ట్ తోలుతున్నాడనీ, అన్నమయ్య జిల్లా మనిషనీ యార్డులో అందరికీ తెలుసు. భారత గూఢచారి విభాగంలో పదమూడేళ్ల సర్వీసున్న ఏజెంటని ఇద్దరికే తెలుసు. ఒకరు ఢిల్లీలో చీఫ్. రెండోది ఈ స్టీరింగ్ ముందు కూర్చున్నావిడ.

ఆవిడ పాస్‌పోర్టులో గంగారత్నం, పెద్దవాళ్ల పార్టీల్లో రత్న. నైరోబీలో పుట్టింది, లండన్‌లో చదివింది, కువైట్‌లో షిప్పింగ్ కంపెనీకి పీఆర్ మేనేజర్. ఒక విదేశీ ముఠాలోకి మన తరఫున దూరిన డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే కస్టమ్స్ వాళ్లు పెట్టె తెరవడం మరిచిపోతారని విభాగంలో చెప్పుకుంటారు. ఆ నవ్వు సుధాకర్ మీద పనిచెయ్యలేదు. ఈమధ్య అతని మీద ఏదీ పనిచెయ్యడం లేదు. తింటే తిన్నట్టు లేదు, పడుకుంటే పడుకున్నట్టు లేదు. అయినవాళ్ల చావు కబురు విన్నా ఊఁ అని ఫోన్ పెట్టేసే స్థితికి వచ్చాడు. ఉద్యోగానికి పనికొచ్చే గుణమే, కాదనలేం. మనిషికి పనికొస్తుందా అంటే, అది ఎవడూ అడగలేదు.

రత్న మూడు నిమిషాల్లో బ్రీఫింగ్ ముగించింది. శనివారం మధ్యాహ్నం రెండు గంటలకి షుఐబా పోర్టునుంచి ఒక ఆయిల్ ట్యాంకర్ బయల్దేరుతుంది. అందులో మన నావికులు ఇరవై ఆరుగురు. దాన్ని పేల్చడానికి ముఠా పడవ సముద్రంలో కాచుకుని ఉంది. ట్యాంకర్ ఎప్పుడు, ఏ దారిన వస్తుందో ఆ పడవకి చెప్పేవాడు బాలసుబ్బయ్య. షుఐబాలో ఒక ఫ్యాక్టరీ స్టోర్‌కీపర్, యాభై ఎనిమిదేళ్లవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్ మీద కూలిపోయిన ఒక బాంబర్ విమానం సిబ్బంది గురించి ఇంటర్నెట్‌లో పేజీ నడుపుతున్నాడు. ప్రతి శనివారం ఒంటిగంటన్నరకి ఒక పోస్టు వస్తుంది. విమానం ఎన్నింటికి లేచింది, ఎంత ఎత్తులో ఎగిరింది, ఎక్కడ కూలింది అంటూ. కొత్త ఆధారాలు దొరికాయంటూ వారం వారం మారే ఆ అంకెలే సందేశం. పోయిన నెల దెబ్బతిన్న రెండు ఓడల టైములూ ఆ పేజీలో ముందే ఉన్నాయి.

పరాయి దేశం కాబట్టి మనకు అరెస్టు చేసే హక్కు లేదు. చీఫ్ ఆర్డర్ ఫోన్‌లో చూపించింది. శనివారం ఒంటిగంటన్నర లోపు ఖలాస్.

తర్వాత ఒక ఇన్సులిన్ పెన్ చేతిలో పెట్టింది. మణికట్టు మీద ఆనించి నొక్కితే అర నిమిషంలో గుండె ఆగిపోతుంది. గల్ఫ్‌లో ఆ వయసువాడు గుండెపోటుతో పోతే ఎవరూ రెండోసారి అడగరు. ఇంగ్లీషు పనిలో సాయం చేసే వంకతో ఆ ముసలాయన్ని తను ఏడాదిగా కనిపెడుతున్నాననీ, సుధాకర్‌ని పత్రిక రచయితగా పంపుతున్నానని ఆయనకి చెప్పి ఉంచాననీ చెప్పింది. పనయ్యేదాకా బయట కారులోనే ఉంటానంది.

"నీకేం అనిపించట్లేదా?" అని అడిగింది చివర్లో.

"లంచ్ టైమ్ అయిపోతోంది," అని దిగిపోయాడు.

ఆ వారమంతా సుధాకర్ పేజీ చదివాడు. చంపబోయేవాడి గురించి చదవడం డ్యూటీ. ఏడుగురు కుర్రాళ్లు. అందరిలోకీ పెద్దవాడికి ఇరవై ఆరు. అతను వైర్‌లెస్ ఆపరేటర్ పెంచలయ్య, రాజంపేట దగ్గర రైల్వే తంతి ఆఫీసులో పనిచేసి యుద్ధానికి పోయినవాడు, బాలసుబ్బయ్య తాత. మిగతా ఆరుగురు తెల్లవాళ్లు. 1944 మార్చి ఇరవై రెండున హాలండ్‌లో ఆలుగడ్డ చేలో విమానం కూలింది. ఆరు సమాధులున్నాయి. పెంచలయ్య దొరకలేదు. ప్రతి పోస్టు కిందా ఒకే వాక్యం ఇంగ్లీషులో ఉంది: మా కుటుంబం ప్రతి సంవత్సరం మార్చి ఇరవై రెండున ఆయనకు తద్దినం పెడుతుంది. కవర్ స్టోరీ బాగా కట్టాడు ముసలోడు అనుకున్నాడు సుధాకర్.

శనివారం పన్నెండున్నరకి షుఐబా కార్మికుల క్యాంపులో మూడో అంతస్తు గది తలుపు తట్టాడు. తలుపు తెరిచిన మనిషి తడి పంచెతో ఉన్నాడు, చొక్కా లేదు, వేలికి దర్భ ఉంగరం.

"రాండి సార్, రాండి. రత్నమ్మ చెప్పింది. ఒక్క పది నిమిషాలు కూర్చోండి, పని మధ్యలో ఉండా."

గది నిండా బాక్స్ ఫైళ్లు. గోడమీద ఫొటో: విమానం రెక్క కింద ఏడుగురు, ఒకడు నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగాడు. నేలమీద అరిటాకు, దానిమీద ఏడు అన్నం ముద్దలు. బాలసుబ్బయ్య మళ్లీ కూర్చుని నువ్వులూ నీళ్లూ వదులుతూ పేర్లు పిలిచాడు. పెంచలయ్య. హెరాల్డ్. స్టాన్లీ. డగ్లస్. విల్‌ఫ్రెడ్. కెన్నెత్. ఆర్చీ. రాజంపేట నోట్లో ఆ పేర్లు కొంచెం వంకర పోయాయి, అయినా ఒక్కటీ తప్పిపోలేదు. సుధాకర్ జేబులో పెన్ మూత తీశాడు. రెండడుగులు వేస్తే చాలు, ఆ తడి మణికట్టు అందుతుంది.

వెయ్యలేదు. ఏదో లెక్క కుదరడం లేదు. జాలి కాదు, జాలి అతని దగ్గర ఎప్పుడో అయిపోయింది. గోడకి తగిలించిన తెలుగు క్యాలెండర్ చూశాడు. ఈరోజు పెద్దల అమావాస్య. చచ్చిన తిథి తెలియనివాళ్లకి పెట్టే రోజు. వాళ్ల ఊళ్లో పుట్టిన ఎవడికైనా ఆ సంగతి తెలుసు, ఎంత మొద్దుబారినా తెలుసు.

తెల్లవాళ్లకి కూడా పెడుతున్నారా అని పైపైన అడిగాడు.

"ఒకే విమానంలో చచ్చిరి గదా సార్, ఒక్కనికే పెడితే ఎట్ల? తెల్లోళ్లకు గోత్రం యాడుంటాది! తెలీనోళ్లది కాశ్యప గోత్రం అని మా పెద్దోళ్లు చెప్పినారు. ఆర్గురూ కాశ్యపులే."

"తారీఖు తెలుసుగా. మార్చిలో పెట్టచ్చుగా."

బాలసుబ్బయ్య చేతులు తుడుచుకున్నాడు. ఆ ప్రశ్న అతన్ని నొప్పించిందని తెలుస్తూనే ఉంది.

"అప్పుడొచ్చిన తంతిలో కనపల్లేదు అని మాత్రం రాసినారు సార్, చచ్చినాడని రాయలా. మా జేజి, అదే మా నాయనమ్మ, గాజులు తీయలా. కుంకం బొట్టుతోనే పోయింది. పోతాపోతా మా నాయనకి ఒకటే మాట చెప్పింది. కావాలంటే పెద్దల అమావాస్యకు ఇంత ముద్ద పెట్టు, అంతేగాని ఆయనకు చచ్చిన దినమని ఒకటి పెట్టొద్దు అనింది. పదేండ్ల కిందట నేనే జాబులు రాసి రాసి తారీఖు కనుక్కుంటి. కనుక్కుంటే ఏమాయ, జేజి మాట దాటేదానికి నేనెవడ్ని? మార్చిలో మా ఇంట్లో ఎప్పుడూ పెట్టలా, పెట్టం గూడా."

"పేజీలో మార్చి అని ఉందే."

"అట్లుందా?" నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నాకు ఇంగ్లీషు యాడొస్తాది సార్. నేను తెలుగులో చెప్తా, రత్నమ్మ టైపు కొడ్తాది. ఫ్యాక్టరీ లోపలికి కెమెరా ఫోన్ రానీరు, నాకుండేది ఈ బటన్ ఫోనే. వారం వారం కాయితం మీద తెచ్చిస్తాది. మాటలు నాకు తెలీవు, అంకెలు మాత్రం ఒకటికి మూడుసార్లు చూస్తా."

ఫైలు తీసి పోయిన వారం కాగితం చూపించాడు. ప్రతి అంకె మీదా పెన్సిల్ టిక్కు. విమానం లేచిన టైము రాత్రి ఏడు గంటల ఎనిమిది నిమిషాలు. సుధాకర్ తన ఫోన్‌లో అదే పోస్టు తీశాడు. అక్కడ పదకొండున్నర. ఎత్తు వేరు, చోటు వేరు. కాగితం ఒకటి, పేజీ ఒకటి. నమ్మినవాడి భుజంమీద తుపాకి పెట్టి ఏడాదిగా కాలుస్తోంది గంగారత్నం. ఇవాళ ఈ ముసలాయన పోతే నేరం శవంతోపాటు పోతుంది. చంపిన చెయ్యి మనదే అవుతుంది.

టైము ఒకటీ పద్దెనిమిది. పేజీలో అంకెలు తప్పు పడ్డాయనీ, ఇప్పుడే వస్తాననీ చెప్పి మెట్లమీద నిలబడి చీఫ్‌కి ఫోన్ చేశాడు. మనిషి ఇతను కాదు, ఆమె అని చెప్పి, కాగితం సంగతి చెప్పాడు. చీఫ్ పోస్టు టైము మరోసారి అడిగాడు. తర్వాత కువైట్ కోస్ట్‌గార్డ్ గస్తీ ఓడ ఎక్కడుందో అంకెలు చెప్పాడు, ముఠా పడవ నేరుగా దాని ఒళ్లోకి పోయేలా.

సుధాకర్ కారెక్కి తలుపు వేశాడు.

"ఖలాస్," అన్నాడు.

రత్న ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత ఫోన్ తీసింది. పోస్టు రాసిపెట్టి సిద్ధంగా ఉంది, రెండు గంటలు, ట్యాంకర్ దారి, అన్నీ; చావకముందే ముసలోడు పెట్టేశాడని తర్వాత చెప్పుకోవచ్చు. బొటనవేలు బటన్ మీదికి పోతుండగా ఆమె మణికట్టుకి చల్లగా పెన్ తగిలింది. అందులో ఏముందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు కువైట్‌లో లేరు. ఊపిరి కూడా జాగ్రత్తగా తీసింది.

అంకెలు మార్చమన్నాడు. రెండుసార్లు తప్పు కొట్టింది, రెండుసార్లూ దిద్దించాడు. ఒంటిగంట ఇరవై తొమ్మిది నిమిషాల యాభై సెకన్లకి పోస్టు వెళ్లింది.

"ఎక్కడ దొరికాను?" అంది.

"చచ్చిన దినం లేని మనిషికి దినం పెట్టావు."

ఆమెకి అర్థం కాలేదు. అతను వివరించలేదు. చీఫ్ పంపిన మనవాళ్లిద్దరు వచ్చి ఆమెను వేరే కారులో ఎక్కించుకుపోయారు. ట్యాంకర్ రెండింటికి కదిలింది. రెండూ నలభైకి పడవ పట్టుబడిందని కబురొచ్చింది. ఇరవై ఆరుగురికీ ఈ సంగతేమీ తెలియదు, వాళ్లు డెక్ మీద టీ తాగుతుంటారు.

సుధాకర్ పని అయిపోయింది. వెళ్లిపోవచ్చు. కాళ్లు మాత్రం మెట్లెక్కాయి.

బాలసుబ్బయ్య ఇంకా తినలేదు. ముద్దలు టెర్రస్ మీద పెట్టి వచ్చాడట, ఇక్కడ కాకులు తక్కువ, సముద్రపు పిట్టలే వచ్చి తిన్నాయట. ఈరోజు భోజనం వేళకి గడపలోకి వచ్చినవాడు పెద్దలు పంపిన మనిషి, అతను తిన్నాకే ఇంటివాడు తినాలి. ఆకు ముందు కూర్చోబెట్టి గారెలూ పాయసం వడ్డించాడు. ఏం సార్, పాయసం ముట్టుకోలా, షుగరా అని అడిగాడు. సుధాకర్ తల ఊపాడు. షుగర్ కాదు, భయం. ఈ వడ్డించే చేతిని రెండు గంటల ముందు తను ఎక్కడ నొక్కబోయాడో ఆ చోటు కనిపిస్తోంది. చాలా ఏళ్లకి వచ్చిన భయం, దానితోపాటే గారె తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

రత్న అర్జెంటుగా దేశం వదిలి వెళ్లాల్సొచ్చిందని చెప్పాడు. బాలసుబ్బయ్య ముఖం వాడిపోయింది. పోస్టులో అంకెలు తప్పు పడినాయి అంటిరే, ఆ ఆర్గురి తాలూకు జనం చదివితే ఏమనుకుంటారు, ఇప్పుడెవరు దిద్దుతారు అని గొణిగాడు. సుధాకర్ చెయ్యి కడుక్కుని ఫోన్ తీశాడు. మీరు చెప్పండి, నేను కొడతాను అన్నాడు.

అంతలో చీఫ్ మెసేజ్ వచ్చింది. శభాష్. పేజీ ఆపొద్దు. మిగిలిన ముఠాకి ఇక మనం వల వేద్దాం. వారం వారం అంకెలు నేను పంపుతాను, అవే కొట్టు. ముసలాయనకి తెలియనివ్వకు.

బాలసుబ్బయ్య కళ్లద్దాలు పెట్టుకుని ఫైలు తెరిచాడు. లేచిన టైము, రాత్రి ఏడూ ఎనిమిది అని వేలు పెట్టి చదివాడు. సుధాకర్ ఏడూ ఎనిమిది కొట్టాడు. ఎత్తు కొట్టాడు. ఆలుగడ్డ చేను ఉన్న చోటు కొట్టాడు. మార్చి ఇరవై రెండు వాక్యం తీసేశాడు. అన్నీ మూడుసార్లు చూసుకుని, పేజీలో పెట్టి, అప్పుడు చీఫ్‌కి జవాబిచ్చాడు.

"క్షమించండి సార్. టైపిస్టు కొత్తవాడు, ఉన్నది ఉన్నట్టు కొట్టడం ఒక్కటే వచ్చు."