కొసుమెల్‌లో ప్రతి మంగళవారం

"ఆ ఫ్లాస్కు మూత తియ్యండి."

"కాఫీయే మేడమ్."

"కాఫీయే అయితే తియ్యడానికి భయమెందుకు?"

ప్రతి మంగళవారం విహార ఓడ మెక్సికో దీవి కొసుమెల్‌లో ఆగినప్పుడు, దిగే దారిలో సెక్యూరిటీ ఉద్యోగిని అర్లీన్ నిలబడిందంటే సిబ్బందికి గుండె దడే. సిబ్బంది వంటగదిలో పనిచేసే రోమెల్ మూత మీద చెయ్యి వేశాడు. అంతలో వెనక నుంచి చక్రాల కుర్చీ వచ్చింది. అర్లీన్ దానికి దారిచ్చి తిరిగి చూసేసరికి, అతను రేవులో జనంలో కలిసిపోయాడు.

వంటగది తిండి ఓడ దాటకూడదు. పట్టుబడితే ఉద్యోగం ఊడుతుంది, తిన్నగా సొంత దేశం ఫిలిప్పీన్స్‌కు, మనీలా విమానమే.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె కంచంలో వేయించిన వెల్లుల్లి ఓ గుప్పెడు ఎక్కువే పడింది.

"ఇదేంటి, లంచమా?"

"వెల్లుల్లి కూడా లంచమేనా మేడమ్? మీకు ఇష్టమని వేశాను."

"నా ఇష్టాలు మీకెలా తెలుసు?"

రోమెల్ చెవులు ఎర్రబడ్డాయి. తప్పు చేసినవాడి చెవులే, అనుకుంది అర్లీన్.

మరుసటి మంగళవారం అతను రెండో ద్వారం నుంచి దిగాడు. చేతిలో ఫ్లాస్కుతో పాటు ఇస్త్రీ చొక్కా కూడా ఉందని, గదిలో తోడుండే క్లరీటా చూసొచ్చి చెప్పింది.

"ఊళ్ళో ఎవర్నో చూసుకున్నాడే! అయినా నీకెందుకంత మంట?"

"మంటేం కాదు. డ్యూటీ."

"డ్యూటీ అయితే అన్నం మానేస్తారా ఎవరైనా?"

మూడో మంగళవారం అర్లీన్‌కు సెలవు. టోపీ కళ్ళ దాకా లాక్కుని అతని వెంట పడింది. వెండి నగల కొట్లు దాటాడు, చర్చి దాటాడు. ఏ గుమ్మంలో ఎవరు ఎదురొస్తారోనని ఆమె ప్రతి గుమ్మంలోకీ తొంగి చూస్తూ నడిచింది. చివరికి అతను ఒక ఆసుపత్రిలోకి నడిచాడు.

తెర వెనక మంచం మీద ఓ ముసలాయన. కుడిచెయ్యి పడిపోయింది. రోమెల్ ఆయనకు ఇస్త్రీ చొక్కా తొడిగి, ఫ్లాస్కులోంచి అల్లం, కోడిమాంసం వేసిన జావ గిన్నెలోకి వంపి చెంచాతో పట్టిస్తున్నాడు.

"ఒరేయ్, ఆ తెర వెనక కాళ్ళెవరివి?" అన్నాడాయన.

రోమెల్ తిరిగి చూశాడు. ముఖం పాలిపోయింది.

"రిపోర్టు రాసుకోండి మేడమ్. ఈ గిన్నె అయ్యేదాకా మాత్రం ఆగండి."

ఆయన ఇసిద్రో. ఇరవై రెండేళ్ళు అదే ఓడలో రొట్టెలు కాల్చిన మనిషి. పక్షవాతం వస్తే ఇక్కడ దించి ఓడ సాగిపోయింది. ఇక్కడి భాష రాదు, ఇక్కడి తిండి గొంతు దిగదు.

"నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా?" అంది అర్లీన్, బయటికొచ్చాక.

"మీకా? వెల్లుల్లినే అనుమానించారు!"

ఆ సాయంత్రమే రోమెల్‌కు పైఅధికారి నుంచి పిలుపొచ్చింది. మెట్ల మీద అర్లీన్ ఎదురైంది.

"అంతా కళ్ళారా చూసి కూడా పట్టించావు కదూ!" అన్నాడు రోమెల్.

"ముందు లోపలికి వెళ్ళు."

హెచ్చరిక కాగితం చేతికిచ్చి, అధికారి మరో కాగితం ముందుకు తోశాడు. ఇకపై ఆ జావ ఓడ డాక్టరు ద్వారా అనుమతితో వెళ్ళొచ్చు. సెక్యూరిటీ వాళ్ళు ఒకరు తోడు వెళ్ళాలి. అతని ఉద్యోగం తియ్యకుండా హెచ్చరికతో వదలమని, జావకు అనుమతి ఇవ్వమని దరఖాస్తు రాసింది అర్లీనే. మొదటి రోజు ఫ్లాస్కు తెరిపించకుండానే జారిపోనిచ్చినందుకు తనకూ ఓ హెచ్చరిక తగిలించుకుంది.

"దొంగచాటుగా ఎన్నాళ్ళు మోస్తావు? ఏదో ఒక రోజు ఇంకెవరో పట్టుకునేవాళ్ళు" అంది, అతను బయటికి రాగానే.

"తోడు ఎవరొస్తారు?"

"దరఖాస్తులో నా పేరే రాశాను." ఈసారి ఎర్రబడ్డవి ఆమె చెవులు.

మంగళవారం ఇద్దరూ కలిసే వెళ్ళారు. అర్లీన్ వంగి, ఇసిద్రో ఎడమచెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంది. వాళ్ళ దేశంలో పెద్దవాళ్ళ దీవెన అడిగే తీరు అది.

"ఏమని దీవించనమ్మా?"

"ఇద్దర్నీ కలిపి దీవించు బాబాయ్" అన్నాడు రోమెల్.

ముసలాయన అతని వంక అనుమానంగా చూశాడు.

"ముందు ఆ పిల్లను అడిగావట్రా?"

"ఇంకా లేదు."

"మరి అడుగు. నేనెక్కడికి పోతాను!"

రోమెల్ చెంచా పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు.