ఐసు పెట్టెలో ఐఫోను

“అది పారేసి కొత్తది కొనుక్కోవచ్చు కదండీ” అన్నాడు కిరీటి.

గవర్నర్‌పేట సందులో జయపాల్ సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. కౌంటరు మీద గంగాదేవి ఆండ్రాయిడ్ ఫోను డొక్క చీల్చుకుని పడుంది. జయపాల్ దానికి కొత్త బ్యాటరీ వేస్తున్నాడు. సలహా ఇచ్చిన పెద్దమనిషి చేతిలో ఐఫోను. దాని వెనక అద్దం ఎండిన చెరువులా బీటలు తీసి ఉంది.

“నా ఫోను సంగతి మీకెందుకండీ?” అంది గంగాదేవి.

“మీ మంచికే చెప్తున్నా. ఆండ్రాయిడ్‌కి కొన్నాళ్ళయితే అప్‌డేట్లు ఆగిపోతాయి. తర్వాత తలుపుకి అడ్డం పెట్టుకోడానికి తప్ప పనికిరాదు. మా ఐఫోన్‌కైతే ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటాయి.”

“అన్ని అప్‌డేట్లొచ్చినా వెనక అద్దం అతుక్కోలేదేం మరి?”

జయపాల్ నవ్వాపుకోలేక స్క్రూడ్రైవర్ జారవిడిచాడు.

“దీనికి ఒరిజినల్ పార్టే వేయించాలండీ. ఎక్కడపడితే అక్కడ విప్పించకూడదు. ఊరికే రేటు కనుక్కుందామని వచ్చానంతే.”

ఎక్కడపడితే అక్కడ అన్న మాటతో జయపాల్ నవ్వు ఆగిపోయింది. “కనుక్కున్నారుగా, దయచెయ్యండి” అన్నాడు.

కిరీటి దయచేసేవాడే. అంతలో వాన అందుకుంది. నీళ్ళలో పడినా ఏమీ కాదని గొప్పలు చెప్పుకునే ఫోనున్నవాడు గుమ్మం దాటడానికి జంకుతూ నిలబడ్డాడు. గంగాదేవి జయపాల్ మూసిచ్చిన తన ఫోన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగులో పడేసుకుని, గొడుగు తెరిచి, అతనికేసి చూసింది. తడిసిన కోడిపిల్లని చూస్తే కలిగేలాంటి జాలి కలిగింది.

“ఆటో స్టాండు దాకా వస్తారా?”

వచ్చాడు. దారి పొడుగునా ఫోను గురించే మాట్లాడాడు. గొడుగు ఇద్దరికీ చాల్లేదు, తడిసిన భుజం అతనిదే. అది మాత్రం ఆమె గమనించింది.

కిరీటి మంగళగిరి దగ్గర ప్లాట్లమ్మే కంపెనీలో ప్రకటనలు రాస్తాడు. మురుగుకాలవ పక్క జాగాకి ‘వాటర్‌ఫ్రంట్’ అని పేరు పెట్టిన ఘనుడు. ఏ వస్తువునైనా ఉన్నదున్నట్టు చెప్తే అతనికి ఏదో వెలితిగా ఉంటుంది. ఇలాంటివాణ్ణి ప్రేమించినందుకు గంగాదేవి తనమీద తనే చాలాసార్లు విసుక్కుంది. అయినా సాయంత్రం ఇన్సూరెన్స్ ఆఫీసు మెట్లు దిగేటప్పటికి కింద అతని బండి కనపడకపోతే ఆమెకి అన్నం సయించేది కాదు. పగిలిన అద్దం మీద అతను లావుపాటి కవరు తొడిగాడు. “ఇప్పుడు కనపడదుగా” అన్నాడు. కనపడకపోతే పగల్లేదనే అతని సిద్ధాంతం.

ఏడాది తిరిగేసరికి ఇద్దరూ పెళ్ళి మాట దాకా వచ్చారు. అదే సమయానికి గంగాదేవి తండ్రి ఎల్లారావు ఫోను మొండికేసింది.

“నా ఫోను మంచిదేనమ్మా. బ్యాంకు యాప్ మాత్రం, నీది పాత ఫోను, నీతో మాట్లాడను అంటోంది. అప్‌డేట్ చేద్దామంటే ఇంక రావంట. ఏది కొనాలో తెలిసినోళ్ళెవరైనా ఉంటే చెప్పు.”

గంగాదేవికి దేవుడు తలుపు తీసినట్టనిపించింది. ఫోను సలహా వంకతో కుర్రాణ్ణి చూపించేస్తే సరి! “మా ఫ్రెండొకతను ఉన్నాడు నాన్నా, బాగా తెలిసినవాడు” అంది.

ఎల్లారావు కూతురి గొంతు విని నవ్వుకున్నాడు. ఆయన చేప కన్ను చూసి అది ఎప్పుడు పట్టిందో చెప్పగలడు. కూతురు గొంతు ఒక లెక్కా?

ఎల్లారావు షెడ్డు హనుమాన్ జంక్షన్ దాటాక హైవే పక్కన. కొల్లేరు వైపు నుంచి వచ్చిన చేపలు అక్కడ తూకమై, థర్మోకోల్ పెట్టెల్లో ఐసు మధ్య పడుకుని ఊళ్ళకి బయల్దేరతాయి. మే నెల ఎండలో కిరీటి తెల్లటి నార చొక్కా వేసుకుని అక్కడ దిగాడు. దిగుతూనే ముక్కు తనంతట తను ముడుచుకుంది. వెంటనే సర్దుకున్నాడు. గంగాదేవి చూసింది. ఎల్లారావు కూడా చూశాడు.

“మొదట ఇది చెప్పండి బాబూ” అన్నాడు ఎల్లారావు, కుర్చీ తుడిచి వేస్తూ. “చేప పట్టిన చేతికి వేలిముద్ర ఎక్కడుంటది? ఫోను తెరుచుకోదు. దాంతో చస్తున్నా.”

“అందుకే ఐఫోన్ అంకుల్! మొహం చూపిస్తే చాలు.” కిరీటి ఫోన్ని పైకెత్తి మొహం చూపించాడు. తెరుచుకుంది.

“భలే! మరి పాడైతే?”

“విజయవాడలో సర్వీస్ సెంటరుంది. అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళాలి.”

“ఈలోపల?”

“ఈలోపల... వెయిట్ చెయ్యాలి.”

“చేప వెయిట్ చెయ్యదు కదా బాబూ.”

“ఆండ్రాయిడైతే జంక్షన్లోనే బాగుచేస్తారు నాన్నా” అంది గంగాదేవి. “కొత్తవాటికి అప్‌డేట్లు కూడా ఏళ్ళ తరబడి ఇస్తున్నారిప్పుడు.”

“అన్నిటికీ కాదు” అన్నాడు కిరీటి. “కొనేముందు అడగాలి. అడక్కుండా కొనేవాళ్ళే ఎక్కువ.”

“అడిగే కొంటాంలే, నీలాగా యాపిల్ బొమ్మ చూసి కొనం.”

ఎల్లారావుకి ఈ దెబ్బలాట ముచ్చటగా ఉంది. ఐఫోన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతుంటే అది మోగింది. చేపల షెడ్డులో ఎవరూ ఫోను చెవికి ఆనించరు. తడి చేతులు, పైగా గోల. ఎంత పెద్ద వ్యవహారమైనా స్పీకర్లోనే. అలవాటు కొద్దీ ఎల్లారావు బొటనవేలు ఫోనెత్తే చోటా, స్పీకరు చోటా నొక్కేసింది.

“ఒరేయ్ కిరీటీ, చేరావా?” అంది అవతలి నుంచి కిరీటి తల్లి మాణిక్యమ్మ. “ఆ అమ్మాయి వాళ్ళ నాన్నగారి సీఫుడ్ లాజిస్టిక్స్ కంపెనీ ఎలా ఉంది? ఆఫీసులో ఏసీ ఉందా? ఎండన పడి తిరక్కు.”

తూకం వేస్తున్నవాళ్ళు చేతులాపి చూశారు. కిరీటి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“చల్లగానే ఉందమ్మా” అన్నాడు ఎల్లారావు ఫోనుతో, మర్యాదగా. “ఇక్కడంతా ఐసే.” అని కట్ చేసి ఫోను తిరిగిచ్చాడు.

మాట మార్చడానికి కిరీటికి అప్‌డేటే దిక్కయింది. “కొత్తదొకటి వచ్చింది అంకుల్, ఎలా ఎక్కుతుందో చూపిస్తా” అన్నాడు. రేకుల కింద మాట వినపడుతుంది గానీ నెట్ అందదు. ఛార్జరు వైరు లాగి, ఫోన్ని బయట కాటా మీద ఎండలో పెట్టాడు. ఈలోపు గంగాదేవి అతన్ని రెక్క పట్టుకుని టీకొట్టు దగ్గరికి లాక్కుపోయింది.

“లాజిస్టిక్సా?”

“లారీలున్నాయి కదా గంగా...”

“మా నాన్న చేపలమ్ముతాడు. ఆ మాట అనడానికి నీ నోరు పడిపోయిందా?”

“అమ్మకి మెల్లగా చెబుదామని.”

“మెల్లగా అంటే? మా షెడ్డుకి కూడా వాటర్‌ఫ్రంట్ అని బోర్డు కట్టాకా?”

అతను గ్లాసులోకి చూస్తూ నిలబడ్డాడు. ఆమెకి కోపం కన్నా భయం ఎక్కువైంది. ఈ మనిషి ఆమెకి కావాలి. కానీ జీవితాంతం చేతులు సబ్బుతో తోముకుంటూ, పుట్టిల్లు ఎక్కడో చెప్పడానికి మాటలు వెతుక్కుంటూ కాదు.

షెడ్డులోకి తిరిగొచ్చాక ఎల్లారావు కూతుర్ని పక్కకి పిలిచాడు.

“కుర్రోడు చెడ్డోడు కాదమ్మా. కానీ మన వాసన దాస్తున్నాడు. ఇయ్యాళ నన్ను దాచినోడు రేపు నిన్నూ దాస్తాడు. వాసనతో సహా ఒప్పుకుంటే సరే. లేదంటే నేనొప్పుకోను.”

గంగాదేవి కళ్ళు నిండాయి.

“నా ఫోనేది?” అని కిరీటి కేక వినపడింది.

“దానికి జ్వరమొచ్చింది బాబూ” అన్నాడు ఎల్లారావు నిదానంగా. “థర్మామీటరు బొమ్మ చూపించింది. చల్లబడాలేమో అనుకుని ఐసులో పెట్టా.”

“ఐసులోనా! ఎక్కడ?”

ఎల్లారావు పెట్టె ఉన్న చోటు చూశాడు. అక్కడ తడి మరక ఉంది. హైవే మీద వ్యాను లేపిన దుమ్ముంది. ఆయన అది ప్రేమతో చేశాడో, కడుపుమంటతో చేశాడో గంగాదేవికి ఇప్పటికీ తెలీదు. అడిగితే నవ్వుతాడు.

వ్యాను డ్రైవర్ పవన్‌కుమార్ బండి నడిపేటప్పుడు ఫోనెత్తడు. అతనికున్న ఒకే ఒక్క సుగుణం ఆ రోజే అడ్డొచ్చింది. గంగాదేవి స్కూటీ తీసింది. కిరీటి వెనక కూచున్నాడు.

“నీ ఫోన్లోంచి లాగిన్ అయితే అదెక్కడుందో మ్యాప్‌లో కనిపిస్తుంది!” అన్నాడు గన్నవరం దగ్గర హుషారుగా. కాసేపటికి హుషారు చచ్చింది. “కోడ్ పంపించారట.”

“ఎక్కడికి?”

“ఆ ఫోనుకే.”

“ఎంత సెక్యూరిటీ! దొంగకే కాదు, యజమానిక్కూడా దొరకదు.”

బెజవాడ మార్కెట్లో వ్యాను దొరికింది. పెట్టెలన్నీ దించేశారు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. గంగాదేవి తన ఫోన్లోంచి రింగిచ్చింది. శీలావతి చేపల గుట్ట కింద నుంచి జలుబు చేసిన గొంతుతో ఐఫోను పలికింది.

కిరీటి ఒక్క క్షణం తన తెల్ల చొక్కా చూసుకున్నాడు. తర్వాత చేతులు మోచేతుల దాకా ఐసులో దూర్చాడు. చేపలు జారాయి, పొలుసులు గడ్డానికంటాయి, బేరమాడుతున్న ఆడవాళ్ళు బేరం మానేసి చూశారు. ఫోను బయటికొచ్చింది. చేతిలో ఉండగానే ఒకసారి వెలిగి ఆరిపోయింది. కవరు తీస్తే, ఎన్నాళ్ళుగానో దాచిపెట్టిన పగుళ్ళలోంచి నీళ్ళు కారాయి.

గంగాదేవి స్కూటీని సర్వీస్ సెంటరు వైపు తిప్పింది.

సర్వీస్ సెంటరు పెళ్ళివారి విడిదిలా ఘుమఘుమలాడుతోంది, వీళ్ళు అడుగుపెట్టేదాకా. తర్వాత లైన్లో ఉన్నవాళ్ళు ఒకరి వెనక ఒకరు ముక్కులకి రుమాళ్ళు పెట్టుకున్నారు. కౌంటర్లో స్టెల్లా అనే అమ్మాయి ఫోన్ని రెండు వేళ్ళతో అందుకుంది.

“లిక్విడ్ డ్యామేజ్ సార్. ఏం లిక్విడ్? వానా? కాఫీనా? స్విమ్మింగ్ పూలా?”

ఎంత చక్కటి అబద్ధాలు! ఏరుకోమని పళ్ళెంలో పెట్టి అందిస్తోంది. గంగాదేవి కిరీటి వంకే చూసింది. ఈ మనిషి ఇప్పుడు స్విమ్మింగ్ పూల్ అన్నాడంటే తను మెట్లు దిగి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. అతను రుమాళ్ళ వంక చూశాడు. తర్వాత ఆమె వంక చూశాడు.

“చేపల ఐసు నీళ్ళండి.”

“సార్?”

“నాకు కాబోయే మామగారు ఎల్లారావుగారిది హనుమాన్ జంక్షన్లో చేపల వ్యాపారం. బొచ్చె, శీలావతి. ఫోను వేడెక్కిందని ఆయనే ఐసులో పెట్టారు.”

“లిక్విడ్ అని రాస్తే చాలు సార్.”

“చాలదు. చేపలనే రాయండి.”

లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. కిరీటి వినిపించుకోలేదు. గంగాదేవి వైపు చెయ్యి చాచాడు. “నీ తలుపుకి అడ్డంపెట్టే ఫోనిలా ఇవ్వు.” తల్లి నంబరు నొక్కి, స్పీకరు కూడా నొక్కాడు.

“అమ్మా, లాజిస్టిక్స్ లేదు, ఏం లేదు. వాళ్ళు చేపలమ్ముతారు. నేనే సిగ్గుపడి చెప్పలేదు.”

గంగాదేవి చెవులు వేడెక్కాయి.

“చేపలా?” అంది మాణిక్యమ్మ. “లాజిస్టిక్స్ అంటే అప్పుల మీద లారీలు తిప్పే మనుషులేమో అని నాకు నిద్రపట్టి చావడం లేదురా! ప్రతి ఆదివారం బజార్లో నేను గడ్డకట్టిన చేపకి గంటసేపు బేరమాడుతుంటే, పక్కన సంచీ పట్టుకుని నించున్నావే, అప్పుడేమైంది సిగ్గు? ఆ అమ్మాయికివ్వు ఫోను. అమ్మా, కొర్రమీను దొరుకుతుందా మీ దగ్గర?”

“బతికున్నవి దొరుకుతాయండీ” అంది గంగాదేవి. అని నవ్వింది, ఏడ్చింది, ఏది ముందో ఆమెకే తెలీలేదు.

ఫోను బాగుచెయ్యడం కుదరదు, మార్చుకోమన్నారు అక్కడ. కిరీటి మార్చనన్నాడు. చేసేది లేక జయపాల్ దగ్గరికే వచ్చాడు.

“ఎక్కడపడితే అక్కడ విప్పించకూడదన్నారుగా?” అన్నాడు జయపాల్, బాకీ తీర్చుకుంటూ. “గ్యారంటీ ఇవ్వను. పనయ్యేదాకా అగరొత్తి మాత్రం వెలిగిస్తా.”

ఒక వారం ఆరబెట్టి, ఏదో తుడిచి, ఏదో మార్చి, వెనక కొత్త అద్దం వేసి ఇచ్చాడు. ఫోను లేచింది. కిరీటి కవరు తొడగలేదు.

ఆ సాయంత్రం ఎల్లారావు కూతురికి ఫోన్ చేశాడు. వెనక తూకం గోల వినపడుతోంది.

“నాకు ఆండ్రాయిడే కొనమ్మా. అప్‌డేట్లు ఎన్నాళ్ళొస్తాయో అడిగి మరీ కొను. ఐసుకి ఆగనిది మన షెడ్డులో పనికిరాదు. ఇంతకీ ఆ అబ్బాయి ఫోను?”

“పనిచేస్తోంది నాన్నా. వాసనే పోలేదు. ఆఫీసులో పక్కవాళ్ళు కుర్చీలు జరుపుకున్నారట.”

“మార్చేశాడా మరి?”

“లేదు. అదే వాడుతున్నాడు. ఎవరడిగినా మా మామగారి చేపలు అంటున్నాడు.”

తూకం గోల ఒక్కసారి ఆగింది. ఎల్లారావు అందర్నీ చేత్తో ఆపినట్టున్నాడు.

“ఆదివారం వాళ్ళమ్మగార్ని తీసుకురమ్మను” అన్నాడు. “కొర్రమీను నేనే ఏరి పెడతా.”