పర్మిషన్ లేని డ్రోన్

"పడవలో వచ్చే సైంటిస్టు ప్రాణాలతో ఒడ్డు చేరాలి. అంతే నీ పని," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఫొటో చూశాడు. అక్క! అమ్మ పోయాక అతనికి మిగిలిన ఒక్క మనిషి. తమ్ముడు కెమెరాలు అమ్ముకుని బతుకుతున్నాడని ఆవిడ నమ్మకం.

టూరిస్టు వేషంలో దీవిలో దిగాడు. పూల చొక్కా, బ్యాగులో డ్రోన్. శత్రు డ్రోన్ల సిగ్నల్ నొక్కేసే జామర్ దాని కడుపులోనే ఉంది. కస్టమ్స్ ఆఫీసర్ దాన్ని బయటికి తీసింది.

"పర్మిషన్ బయల్దేరకముందే తీసుకోవాలండీ."

"తెలీదండీ."

"వచ్చినవాళ్ళెవరికీ తెలీదు. తిరిగి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళండి." సీలు వేసేసింది.

తానెవరో చెప్పే వీల్లేదు. ఉత్త చేతులతో పడవలు ఆగే జెట్టీ వైపు నడిచాడు.

జెట్టీ మీద నల్ల కళ్ళద్దాలతో 'నెమలి' నిలబడి ఉంది. రెండు దేశాల జీతం తినే అందగత్తె.

"సముద్రం ఉప్పగా ఉందా?" కోడ్ వర్డ్ చెప్పాడు.

"అది నిన్నటి మాట. ఇవాళ నేను అటువైపు." ఆమె ఆకాశంలోకి చూపించింది. తెల్ల డ్రోన్. కింద చిన్న డబ్బా. "బాంబు. పడవ జెట్టీ మెట్ల దగ్గరికి రాగానే వదులుతారు. పెళ్ళి వీడియో అని పర్మిషన్ తీసుకున్నారు. కంట్రోల్ టవర్ వాళ్ళ చిప్ కూడా పెట్టించారు."

"చిప్ దేనికి?"

"ఎవరైనా దొంగ డ్రోన్ ఎగరేస్తే సైరన్ వేస్తారు, చిప్ ఉన్న డ్రోన్లన్నిటినీ టవర్ ఉన్నచోటే దించేస్తుంది. ఎగరేయడానికి నీ దగ్గరేముందిలే, పాపం!"

పడవ దగ్గరపడుతోంది. దాని ముందు వైపు అక్క నిలబడి ఉంది. అరిస్తే వినపడదు. చేతిలో ఏమీ లేదు.

అతను జెట్టీ గార్డు దగ్గరికి పరుగెత్తాడు. "సార్, పర్మిషన్ లేకుండా డ్రోన్ ఎగరేశాను! కొండ వెనక. కంట్రోల్ తప్పింది."

"జైలుకి పోతారు, తెలుసా?"

"పోతాను. ముందు సైరన్ వెయ్యండి!"

సైరన్ మోగింది. పడవ ఉన్నచోటే ఆగింది. తెల్ల డ్రోన్ తడబడి, మెట్ల పక్కన నీళ్ళలోకి దిగింది. మరుక్షణం సముద్రం కొబ్బరిచెట్టంత ఎత్తు లేచింది. పొగ తేలిపోయేసరికి నెమలి లేదు.

అక్క ఒడ్డెక్కేటప్పటికి అతని చేతులకి బేడీలు పడ్డాయి. పట్టుబడ్డ ఏజెంట్ ఫోన్ చీఫ్ ఎత్తడు.

"వీడేం చేశాడండీ?" ఆవిడ గార్డుని అడిగింది.

"పర్మిషన్ లేని డ్రోన్, మేడమ్. ఆ పేలింది కూడా ఈయనదే అయ్యుండాలి."

"నిజమేనట్రా?"

గుంపులో ఎవరి మనుషులున్నారో తెలీదు. అతను తలూపాడు.

"అమ్మ ఉంటే ఏమనేదిరా!"

"ఏమీ అనేది కాదక్కా. అన్నం తిన్నావా అని అడిగేది."

ఆవిడ గార్డు వైపు తిరిగింది.

"జైల్లో భోజనం ఎన్నింటికండీ?"