చిన్నప్ప కాటా

పెనుకొండ దాటి ధర్మవరం దారిలో కొంత దూరం పోతే ఎడమ పక్కన ఒక పాడుబడిన కాటా ఉంది. ఒకప్పుడు లారీలను లోడుతో సహా అక్కడ తూకం వేసేవాళ్ళు. ఇప్పుడు ఇనుప పలకలు తుప్పు పట్టాయి. సందుల్లో ముళ్ళకంప మొలిచింది. పక్కనే ఒక గది... తలుపు సగం ఊడి, కిటికీకి చువ్వలు మాత్రం మిగిలి...

పగలు మేకలు కూడా దాని వైపు చూడవు. రాత్రయితే దాని ముందు ఏ లారీ ఆగదు.

అక్కడ తూకాలు రాసే చిన్నప్ప ఒక రాత్రి వెనక్కి వస్తున్న లారీ కింద పడి నలిగిపోయాడట. అప్పటినుంచి ఆ గదిలోనే ఉన్నాడట. బండి ఆపితే డ్రైవరును పేరు పెట్టి పిలుస్తాడట. ఆ పిలుపు విన్నవాడు మూడో రోజు చూడడట... హిందూపురం లారీ స్టాండులో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు.

నరసప్పకు మాత్రం ఈ మాటంటే ఒళ్ళు మంట.

"విన్నోడు చచ్చిపోతే మీకు చెప్పిందెవరప్పా? శవమొచ్చి చెప్పిందా?" అని మొహం మీదే అడిగేవాడు. కాటా దాటేటప్పుడు దండం పెట్టే డ్రైవర్లను చూస్తే అతనికి నవ్వు కూడా వచ్చేది కాదు. తుపుక్కున ఉమ్మేసేవాడు.

నరసప్పది రొద్దం. వయసు యాభై దాటింది. పందొమ్మిదేళ్ళుగా హిందూపురంలో చంద్రమోహన్ అనే లారీ ఓనరు దగ్గర డ్రైవరు. ఓనరు పిసినారితనాన్ని అతను తిట్టని రోజు లేదు. బండిలో సీటు చిరిగితే గోనెపట్ట కుట్టించే మనిషి చంద్రమోహన్. "ఈయన చచ్చినాక కూడా పాడెకు బాడుగ అడుగుతాడు" అనేవాడు నరసప్ప. తిట్టేవాడే గాని, ఇంకో బండి ఎక్కింది లేదు.

ఆ సాయంత్రం హిందూపురం మార్కెట్లో ధర్మవరానికి చింతపండు బస్తాలు ఎత్తిస్తుంటే నాగేంద్ర వచ్చాడు. నాగేంద్ర మొన్నటిదాకా చంద్రమోహన్ దగ్గరే ఇంకో లారీ తోలినవాడు. ఆరు నెలల కిందట పెనుకొండలో పెట్టిన కొత్త రవాణా కంపెనీకి మారాడు. నీలం చొక్కా, జేబు మీద పేరు, కాళ్ళకు బూట్లు.

నరసప్ప కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏమబ్బా, బ్యాండుమేళంలో చేరినావా?"

నాగేంద్ర నవ్వేశాడు. "తిట్టుకో అన్నా. మా కంపెనీలో ఒక్క డ్రైవరు పని ఖాళీగా ఉండాది. నీ పేరు చెప్పి నేనే ఆపించినా. రేపు పొద్దున తొమ్మిదికి వస్తే నీది. రాకుంటే ఇంకొకనికి ఇచ్చేస్తారు."

"మీ బండ్లల్లో డ్రైవరు మొగానికి ఎదురుగా కెమెరా పెడతారంట కదా?"

"పెడతారు. కన్ను మూతపడితే కూత పెడతాది."

"థూ! నేను ఆవులిస్తే ఆఫీసులో కూర్చున్న ఎవడో చూడల్లనా? మా ఓనరు ఎంత పిసినారోడైనా పందొమ్మిదేండ్లలో నన్ను అనుమానంగా ఒక్క మాట అనలే. తాళం నా చేతికిచ్చి పోయి పండుకుంటాడు. మీ కంపెనీలో ఉండాదా ఆ నమ్మకం?"

నాగేంద్ర వంగి లారీ వెనక టైరును వేలితో గీరాడు. అరిగిపోయిన టైరుకు పైన కొత్త రబ్బరు అతికించి తిప్పుతున్నారు. ఆ అతుకు అప్పుడే నోరు తెరిచింది.

"నమ్మకం సరే అన్నా... దీన్నెక్కి ధర్మవరం పోతాండావా?"

నరసప్ప మొహం తిప్పుకున్నాడు.

బండి కదిలే ముందు పెళ్ళాం ఆదెమ్మ ఫోన్ చేసింది. నాగేంద్ర ఆమెకు ముందే చెప్పిపెట్టినట్టున్నాడు.

"ఏమంటివి? పోతానంటివా, లేదా?"

"చూస్తాం లే."

"ఏం చూస్తావు? పొద్దున నడుము పట్టుకోని లేస్తాండావు. ఆ కంపెనీలో ఆస్పత్రి కార్డు ఇస్తారంట. వాళ్ళనూ తిడతావు, ఈయన్నూ తిడతావు. నీ కంటికి బాగుండేది ఎవరు?"

"ఎవరూ బాగలేరు. ఈయన తెలిసినోడు, అంతే."

"పందొమ్మిదేండ్లకు తెలిసింది అంతేనా?" అని ఆదెమ్మ ఫోన్ పెట్టేసింది.

ఓనరు ఆ సాయంత్రం మార్కెట్లో కనపడలేదు. లోడు కాగితాలు గుమాస్తా మంజునాథ్ తెచ్చాడు. చేతిలో పెట్టాడే గాని కళ్ళలోకి చూడలేదు. పోతూ పోతూ మాత్రం వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"అన్నా... ఆ కాటా కాడ మాత్రం బండి నిలపాకు."

"పో పోబ్బా, మీ దెయ్యాలూ మీరూ!" అని నరసప్ప గేరు వేశాడు.

సోమందేపల్లి దాటాడు. పెనుకొండ దాటాడు. కొండ మీది కోట గోడలు చీకట్లో కలిసిపోయాయి. రోడ్డు మీద పెద్దగా బండ్లు లేవు. మనసులో మాత్రం ఒకటే రొద... పోవాలా, ఉండాలా? కెమెరా ముందు కూర్చుంటే నవ్వరా స్టాండులో? కూర్చోకపోతే ఈ గోనెపట్ట సీటు మీదే చావాలా?

దబ్... దబ్... దబ్...

వెనక టైరు. అతికిన రబ్బరు ఊడి బాడీకి కొట్టుకుంటోంది. రోడ్డు సన్నంగా ఉంది, పక్కన గుంత. కొంచెం ముందుకు పోనిచ్చాడు... వెడల్పుగా, చదునుగా ఒక చోటు కనపడింది. ఆపాడు. ఇంజిన్ కట్టేశాడు.

దిగి చూస్తే... కాళ్ళ కింద ఇనుప పలకలు.

"ఈడనే దొరికిందా నీకు నిలిచేకి?" అని టైరును తిట్టాడు.

ఫోన్ లైటు వేసి చూశాడు. రబ్బరు సగం వేలాడుతోంది. ముట్టుకుంటే కాలిపోతోంది. నీళ్ళు పోసి చల్లార్చి, కత్తితో కోసేస్తే ధర్మవరం దాకా మెల్లగా పోవచ్చు. నీళ్ళ క్యాను డీజిల్ ట్యాంకు పక్కన కట్టి ఉంటుంది. అటు నడిచాడు. వంగాడు.

అప్పుడు వినపడింది.

"...నరసప్ప..."

గాలి అనుకున్నాడు. గాలి లేదు. ఆకు కూడా కదలడం లేదు.

"...నరసప్పే... వంగినాడు..."

గది లోపలి నుంచి. గుసగుసగా. గొంతు బొంగురుగా, ఎండిపోయినట్టు...

నరసప్ప క్యాను తాడు విప్పుతున్న చేతులు ఆగిపోయాయి. కాసేపు అలాగే ఉన్నాడు. లోపల చప్పుడు లేదు. మెల్లగా క్యాను పైకి తీశాడు.

"...క్యాను తీసినాడు..."

వీపు మీద చెమట కారింది. నిటారుగా నిలబడ్డాడు.

"...లేసి నిలబడినాడు... ఇట్ల చూస్తాండాడు..."

కిటికీ చువ్వల వెనక ఒక నీలం వెలుతురు. ఆ వెలుతురులో తెల్లటి ఆకారం... తల ఉంది, మొహం లేదు. వెలుతురు టక్కున ఆరిపోయింది.

ఇన్నేళ్ళూ ఎవరెవరిని వెక్కిరించాడో వాళ్ళందరూ ఒక్కసారి గుర్తొచ్చారు. పరుగెత్తి బండెక్కాలనిపించింది. ఎక్కితే? రేపు స్టాండులో ఆ దండాలు పెట్టే వెధవల పక్కన నిలబడి తనూ ఇదే కథ చెప్పాలి. భయం కంటే అదే ఎక్కువ రోతగా అనిపించింది.

క్యాను కింద పెట్టాడు. క్యాబిన్‌లోంచి చక్రం విప్పే ఇనుప రాడ్డు తీసుకున్నాడు. గది వైపు నడిచాడు... ఒక్కొక్క అడుగూ...

"ఎవర్రా అది?"

లోపల ఏదో గబగబా మూలకు జరిగింది.

నరసప్ప తలుపును ఒక్క తన్ను తన్నాడు. అది కింద పడింది. దుమ్ము లేచింది. ఆ దుమ్ములో, మూలన, మొహానికి తెల్ల తువ్వాలు చుట్టుకుని ఎవరో ముడుచుకుని కూర్చున్నారు. నేల మీద బోర్లా పడిన ఫోన్లోంచి ఒక సన్నటి గొంతు...

"సార్... పట్టుకుంటిరా? డీజిల్ తీసినాడా సార్? సార్?"

మంజునాథ్ గొంతు.

నరసప్ప రాడ్డు దించాడు. వంగి తువ్వాలు లాగాడు.

చంద్రమోహన్.

ముందు ఓనరే తేరుకున్నాడు. గొంతులో లేని పెత్తనం తెచ్చుకున్నాడు.

"ఆ క్యాను ఎందుకు తీసినావు?"

"టైరుకు నీళ్ళు పోసేకి."

"నీళ్ళా..." చంద్రమోహన్ గుమ్మంలోంచి క్యాను వైపు చూశాడు. "మైలేజీ రాలేదు నరసప్పా, రెండు నెల్ల నుంచి. యాడో తీసి అమ్ముతాండారని... సాయంత్రం బస్సుకు వచ్చి ఈడ కూర్చున్నా. డీజిల్ అమ్మేటోళ్ళు మునుపు ఈ తావులోనే అమ్ముతాండ్రి కదా. అందుకే కదా ఈడ దెయ్యముందని నేనే పుట్టించింది. బండ్లు నిలపరాదని. దానికి బయపడకుండా ఈడ నిలిపేటోడివి నువ్వొక్కనివే."

"దెయ్యాన్ని నువ్వు పుట్టించినావా?"

"ఊఁ." ఆ మాట చెప్పేటప్పుడు ఓనరు మొహంలో కొంచెం గర్వం కూడా కనిపించింది. "చిన్నప్ప బాగనే ఉండాడప్పా. తనకల్లులో టమోటా తోట పెట్టుకోని ఉండాడు."

నరసప్ప అతన్ని చూస్తూ నిలబడ్డాడు. తువ్వాలుకు బూజు. పంచెకు ముళ్ళు. అరవై ఏళ్ళ మనిషి, అయిదు లారీల ఓనరు, ఎలుక పెంటలో కూర్చుని తన డ్రైవరు వంగితే వంగాడని, లేస్తే లేచాడని ఫోన్లో చెబుతున్నాడు. ఈ మనిషి కోసమా తను సాయంత్రం నాగేంద్ర ముందు అంత మాట్లాడింది?

"అన్నా, ఆ కంపెనీవాడు కెమెరా నా మొగానికి ఎదురుగా పెడతాడు. పెట్టినానని చెప్పి పెడతాడు. నువ్వు చీకట్లో తువ్వాలు కప్పుకోని చూస్తివి."

"పెద్దోణ్ణి... తప్పైంది అనుకో. బండి తియ్యి, పోదాం పా."

నరసప్ప జేబులోంచి లారీ తాళం తీశాడు. ఓనరు చేతిలో పెట్టలేదు. కాళ్ళ దగ్గర దుమ్ములో పడేశాడు.

"తోలుకోని పో."

"నాకు లారీ తోలేకి యాడొస్తుందప్పా?"

"అయితే బస్తాల మీద పండుకో. పందొమ్మిదేండ్లు నేను పండుకున్నా."

బయటికి వచ్చి క్యాబిన్‌లోంచి తన దుప్పటి, అన్నం డబ్బా తీసుకున్నాడు. పెనుకొండ వైపు నడక మొదలుపెట్టాడు. వెనక నుంచి చంద్రమోహన్ ఫోన్లో అరుస్తున్నాడు. "మంజునాథ్! కారు తీసుకోని రా... ఏం? రావా?... దెయ్యం లేదప్పా, నేను చెప్తాండా కదా... తెల్లారినాకనా? రేయ్! రేయ్!"

ఆ తర్వాత అరుపు తన పేరుకు మారింది. "నరసప్పా! నన్నొక్కన్నే ఈడ ఇడిసి పోవద్దప్పా!" చాలా దూరం వినపడుతూనే ఉంది. నరసప్ప తిరిగి చూడలేదు. నడుస్తూనే నాగేంద్రకు ఫోన్ కొట్టి, "తొమ్మిదికి కాదబ్బా, ఇప్పుడే వస్తాండా. గేటు కాడ చెప్పి పెట్టు" అన్నాడు. అవతలి నుంచి నాగేంద్ర ఏదో అడగబోతే పెట్టేశాడు.

అరగంట నడిచాడేమో. ధర్మవరం వైపు నుంచి ఒక లారీ బాణంలా వచ్చి, అతన్ని దాటిపోయి, కీచుమని ఆగింది. డ్రైవరు తల బయట పెట్టాడు. చొక్కా తడిసి ముద్దయింది.

"ఎక్కన్నా, బిర్రీన ఎక్కు! ఈ దారిలో ఒక్కనివే నడుస్తాండావా?"

నరసప్ప ఎక్కాడు. లారీ దూకింది.

"చూసినానన్నా... నా కండ్లతో చూసినా!" డ్రైవరు పళ్ళు కొట్టుకుంటున్నాయి. "కాటా కాడ... తెల్లగా... రోడ్డుకు అడ్డమొచ్చి నిలబడింది. నా ముందర రెండు బండ్లు పోయినాయి, వాటికీ అడ్డమొచ్చింది. చేతులెత్తింది... నన్ను చూసి దండం పెట్టిందన్నా! ఏడుస్తాండాది!"

"నువ్వేం చేసినావు?"

"హారన్ కొట్టి పక్కకు కోసుకోని వచ్చేసినా. నిలుపుతానా?"

నరసప్ప అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత తీశాడు.

"మంచి పని చేసినావప్పా," అన్నాడు. "ఎవరడిగినా ఇదే చెప్పు."