నాలుగోసారి అడిగితే

ఆ గదికి ప్రోగ్రాం రాసిన మనిషి ఆ గదిలోనే చచ్చిపోయాడు.

మంటలార్పే గ్యాస్ విడుదలైంది. నీళ్ళు తగిలితే పాడైపోయే రికార్డులుండే గదుల్లో వాడే గ్యాస్ అది. గదిలోని గాలిని బయటికి నెట్టేసి మంటకి ఊపిరాడకుండా చేస్తుంది. మంటకీ మనిషికీ తేడా దానికి తెలియదు. అందుకని గ్యాస్ వదిలే ముందు కంట్రోల్ ప్రోగ్రాం గోడమీది సెన్సార్‌ని అడుగుతుంది, లోపల ఎవరైనా ఉన్నారా అని. ఆ రోజూ అడిగింది. ప్రోగ్రాం రాసుకునే లాగ్‌లో జవాబు స్పష్టంగా ఉంది.

గదిలో ఎవరూ లేరు.

"శవం మాత్రం ఉంది," అన్నాడు మామయ్య ఫైలు మూస్తూ.

మామయ్య ఎవరికీ మామయ్య కాడు. ఆ డిపార్ట్‌మెంటులో పేర్లుండవు, వరసలే. ఫోను ఎవరైనా దొంగచాటుగా విన్నా, ఏదో పెద్ద కుటుంబం పనీపాటా లేక కబుర్లాడుకుంటోందనుకుని వదిలేస్తారు. ఎదురుగా కూర్చున్న ఏజెంటు వదిన. నలభై దాటిన వయసు, చేతిలో ఫ్లాస్కు, ఎప్పుడో ఏదో క్యూలో మన ముందు నిలబడినట్టు అనిపించే ముఖం. మారువేషం ఖర్చు సగం అక్కడే కలిసొచ్చేది.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది. చనిపోయినాయన్ని ఆఫీసులో అందరూ మాస్టారు అనేవారు. ప్రమాదమని కేసు మూసేశారు. కానీ ఆ కంపెనీలో ఒక విదేశీ ముఠా మకాం వేసిందని డిపార్ట్‌మెంటుకి కబురొచ్చింది. సోమవారం పదకొండింటికి అదే గదిలో కొత్త వెర్షన్‌కి ట్రయల్. ట్రయల్ ఏ తప్పూ లేకుండా పూర్తయితే, అదే క్షణంలో ఆ వెర్షన్ నలభై భవనాలకి దానంతటదే వెళ్ళిపోతుంది. లైబ్రరీలు, ఆసుపత్రి స్టోర్లు, కోర్టు రికార్డు గదులు. ఆ తర్వాత ఎక్కడ ఎవరు లోపల ఉండగా గ్యాస్ వదలాలో ముఠా ఇష్టం.

"లోపల మన మనిషి ఒకతె ఉంది. పట్టు స్కార్ఫ్ కట్టుకుంటుంది, చూడగానే తెలుస్తుంది. ప్రమాదమైతే 'పాలు పొంగాయి' అను, వచ్చేస్తాం. ఒంటరిగా మాత్రం ఆ గదిలోకి వెళ్ళకమ్మా."

వదిన తలూపింది. ఆమె తలూపడానికీ ఒప్పుకోవడానికీ సంబంధం లేదని మామయ్యకి తెలుసు.

*

కాంట్రాక్ట్ టెస్టర్ వేషంలో వదిన చేరింది. కొత్తగా వచ్చిందని ఎవరికీ అక్కర్లేని లైట్ల పని ఎంతో మర్యాదగా అంటగట్టాడు అక్కడి మేనేజర్. గదుల్లో మనుషులు లేనప్పుడు లైట్లు ఆరిపోతున్నాయో లేదో చూడాలి. గట్టిగా పనిచేస్తే గంటన్నరలో అయ్యే పనిని మూడు రోజులు లాగి, మిగతా సమయమంతా మాస్టారి పాత కోడ్ చదువుతూ కూర్చుంది.

రస్ట్ అనే ఆ భాషలో, రాసిన కోడ్‌ని సరిచూసి నడిచే ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ మహా చాదస్తం. చిన్న వస్తువు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్ళిందో కూడా ఆరా తీస్తుంది. అంత చాదస్తురాలిని ముఠా ఎలా బుట్టలో వేసిందో మూడో రోజు దొరికింది.

సెన్సార్ అన్నది ఏ ప్రశ్నకి ఏ రకం జవాబివ్వాలో చెప్పే ఒప్పందం ఒకటుంటుంది, ట్రెయిట్ అంటారు. దాని నెత్తిన మాక్రో అనే ఒక్క లైను ఆదేశం పెడితే చాలు, కంపైలర్ తనే కూర్చుని ఆ సెన్సార్‌కి ఒక డూప్‌ని తయారుచేస్తుంది. అవే ప్రశ్నలు, అదే రకం జవాబులు, పేరు ముందు మాత్రం 'మాక్', అంటే ఉత్తుత్తిది, అని ఉంటుంది. టెస్టుల కోసం చేసే ఏర్పాటది. ప్రతిసారీ నిజంగా ఒక మనిషిని గదిలో కూర్చోబెట్టి గ్యాస్ వదిలి చూడలేం కదా. డూప్‌కి ఏం నేర్పితే అది చెబుతుంది.

ఆ మాక్రో పక్కన 'టెస్టుల్లో మాత్రమే' అనే షరతు ఉండాలి. లేదు. ఎవరో ఆ ఒక్క మాట తీసేశారు. డూప్ అసలు సరుకుతోపాటు బయటికొచ్చి, సెన్సార్ కుర్చీలో కూర్చుంది. ఒప్పందం ప్రకారం అన్నీ సరిగ్గా ఉన్నాయి కాబట్టి కంపైలర్ కిక్కురుమనలేదు.

డూప్‌కి జవాబులు నేర్పిన ఫైలు మాత్రం వదినకి తెరుచుకోలేదు. దొరికినవల్లా మాస్టారు శిష్యుల కోడ్ దిద్దిన ప్రింట్లు. ఎర్ర సిరాతో ప్రతి డూప్ పక్కనా ఒకటే మాట: ఎన్నిసార్లో రాయి.

సోమవారం పది నలభైఅయిదుకి పట్టు స్కార్ఫ్ వచ్చి ఆమె బల్లకి ఆనుకుని నిలబడింది. ఆమె నడిచొస్తే కారిడార్‌లో కీబోర్డులు ఆగిపోతాయి. ఆ ఫైలు ప్రింటు రికార్డు గదిలో దాచానని, ఇప్పుడైతే ఎవరూ ఉండరని గుసగుసగా చెప్పింది. వదినకి మామయ్య మాట గుర్తొచ్చింది. ఇద్దరం వెళుతున్నాం కాబట్టి ఒంటరి కాదని సరిపెట్టుకుంది.

పది నలభైతొమ్మిదికి వదిన ముందుగా తలుపు దాటింది. వెనక నుంచి ఎవరో పట్టు స్కార్ఫ్‌ని కూడా లోపలికి ఒక్క తోపు తోశారు. ఉక్కు తలుపు మూసుకుంది.

స్పీకర్‌లో మేనేజర్ గొంతు, ఎప్పటిలాగే మర్యాదగా. "సారీ అమ్మా, మీ ఇద్దర్నీ విడివిడిగా చూసుకునే టైం లేదు. ట్రయల్ ఎలాగూ ఉంది కదా."

"సార్, నేనూ లోపలే ఉన్నాను," అంది పట్టు స్కార్ఫ్.

"చూశాను. రెండు వైపులా పనిచేసేవాళ్ళని నేను ఎన్నాళ్ళని నమ్మను?"

స్పీకర్ ఆగిపోయింది. పది యాభైకి గోడమీద సెన్సార్ జవాబు చూపించే ప్యానెల్ ఒకసారి బీప్‌మంది. ఆకుపచ్చ అక్షరాలు: ఖాళీ.

*

కిటికీల్లేవు. మూడు గోడల నిండా ఇనుప అరలు, నాలుగో గోడకి తలుపు, పైన గ్యాస్ గొట్టం మూతి. వదిన గ్యాస్‌ని ఆపడానికి గోడకి పెట్టిన ఎర్ర బటన్ నొక్కింది. క్లిక్‌మని ఊరుకుంది, వెనక తీగలు కోసేశారు. ఫ్లాస్కు మూతలో ఉన్న ట్రాన్స్‌మిటర్ తీసి పాలు పొంగాయని మూడుసార్లు చెప్పింది. ఉక్కు గోడలు ఆ మాట బయటికి పోనివ్వలేదు. డిపార్ట్‌మెంటు పరికరాలన్నీ అవసరం లేనిచోట అద్భుతంగా పనిచేస్తాయి.

పట్టు స్కార్ఫ్ తలుపుని గుద్ది గుద్ది, చేతులు కందిపోయాక కింద కూర్చుంది. వదిన ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చింది.

ఆమె తాగలేదు. షరతు తీసేసింది తనేనని, డూప్‌కి జవాబు నేర్పింది కూడా తనేనని చెప్పేసింది. కానీ మాస్టారు ఆ రోజు లోపల ఉన్నట్టు తెలియదంది. ఆయన దగ్గర నాలుగేళ్ళు పని నేర్చుకుందట. వదిన ఊరడించలేదు, తిట్టనూలేదు. రెండింటికీ టైం లేదు.

పది యాభైఅయిదు. రెండో బీప్. ఖాళీ.

ఇద్దరు మనుషులు కళ్ళెదుట ఊపిరి పీలుస్తుంటే ఆ గోడ వాళ్ళు లేరంటోంది. తలుపుకంటే ఆ అక్షరాలే ఎక్కువ బిగుసుకుంటున్నట్టు అనిపించింది వదినకి.

"వాల్వు తెరిచే ముందు ఇంకోసారి అడుగుతుందా?"

"పదకొండింటికి. అంతే, మొత్తం మూడుసార్లు."

వదినకి ఎర్ర సిరా గుర్తొచ్చింది.

"అమ్మాయ్, నిజం చెప్పు. డూప్‌ని ఎన్నిసార్లు అడగొచ్చో రాశావా?"

పట్టు స్కార్ఫ్ కందిన చేతులకేసి చూసుకుంది.

"మేనేజర్ తీసేయమన్నాడు. తీసేశానని చెప్పాను."

"తీశావా?"

"చేతులు రాలేదక్కా. అది లేకుండా మాస్టారికి ఒక్క ఫైలూ పంపలేదు నేను. కచ్చితంగా మూడు అని రాశాను."

కచ్చితంగా మూడు అని రాసిన డూప్ ప్రతి ట్రయల్‌కీ మొదట్నుంచి లెక్కపెట్టుకుని, మూడుసార్లు బుద్ధిగా జవాబు చెబుతుంది. నాలుగోసారి అడిగితే జవాబు చెప్పదు. లెక్క తప్పిందని గోలపెట్టి మొత్తం ప్రోగ్రాంని కుప్పకూలుస్తుంది. ప్రోగ్రాం కూలితే తలుపుల్ని మూసి ఉంచే అయస్కాంతాలన్నీ పట్టు వదిలేయాలి, వాల్వు మూసే ఉండాలి, ఫైర్ స్టేషన్‌కి కబురెళ్ళాలి. మాస్టారు పెట్టిన నియమమే.

అంటే పదకొండు లోపల ఎలాగైనా ఇంకొక్కసారి అడిగించాలి. అప్పుడు వాల్వు ముందు అడిగేది నాలుగో ప్రశ్న అవుతుంది.

వదిన గది చుట్టూ చూసింది. తలుపు పక్కన, ఎవరూ పట్టించుకోని తెల్ల స్విచ్. లైటు. మూడు రోజులుగా ఆమె పరీక్షించిందంతా అదే. స్విచ్ నొక్కితే ప్రోగ్రాం సెన్సార్‌ని అడుగుతుంది, లోపల మనుషులున్నారా అని. లేరంటే లైటు ఆర్పేసి, కరెంటు ఆదా కోసం పది నిమిషాలపాటు స్విచ్‌ని పనిచేయనివ్వదు. ఒక్కసారే అవకాశం. ఒక్కసారి చాలు.

చాలా? ఈ అమ్మాయి ఏడాదిగా మాకు అబద్ధం చెప్పింది. మేనేజర్‌కీ చెప్పింది. ఇప్పుడు ఎవరికి నిజం చెబుతోంది?

పది యాభైఎనిమిదికి వదిన స్విచ్ నొక్కింది.

బీప్. ఖాళీ. లైటు ఆరిపోయింది.

చీకట్లో ఆ ఆకుపచ్చ అక్షరాలు తప్ప ఏమీ లేవు. పట్టు స్కార్ఫ్ చెయ్యి తడుముకుంటూ వచ్చి వదిన చీర చెంగు పట్టుకుంది. వదిన విడిపించుకోలేదు. పైన గొట్టంలో గ్యాస్ ఒత్తిడి పెరుగుతోంది, అన్నం కుక్కర్ కూతకి ముందు బుసకొట్టినట్టు.

"నేను మూడే రాశానక్కా," అంది ఆమె. కాసేపాగి, "మూడే అనుకుంటా."

వదిన చీకట్లో తలుపు పిడి వెతికి పట్టుకుంది.

పదకొండు.

ప్యానెల్ బీప్‌మనలేదు. ఆకుపచ్చ అక్షరాలు ఆరిపోయాయి. వాటి స్థానంలో ఎర్రగా, పొడుగ్గా ఒక వాక్యం పాకింది: 'మాక్ సెన్సార్‌ని నాలుగుసార్లు పిలిచారు, పిలవాల్సింది మూడుసార్లే.' కింద ఫైలు పేరు, లైను నంబరు. కొండవీటి చేంతాడంత సాక్ష్యం, నిమిషం కష్టపడకుండా.

తలుపు మెత్తగా తెరుచుకుంది.

భవనంలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ట్రయల్ ఫెయిలయిందని గుర్తించి, నలభై భవనాలకి వెళ్ళాల్సిన వెర్షన్ మొదటి మెట్టు మీదే ఆగిపోయింది. ఫైర్ స్టేషన్ వాళ్ళు ఆరు నిమిషాల్లో వచ్చారు. మేనేజర్ వెనక మెట్ల మీదుగా దిగబోయి, సరిగ్గా వాళ్ళ గొట్టం కాళ్ళకి చుట్టుకుని దొరికిపోయాడు. పోలీసు వ్యాన్‌లోకి ఎక్కుతూ పట్టు స్కార్ఫ్ వెనక్కి తిరిగి, మాస్టారి ప్రింట్లు ఒకటో రెండో తనకి ఇస్తారా అని అడిగింది. అవి కోర్టుకి వెళతాయని వదిన చెప్పింది. ఆమె తలూపి ఎక్కేసింది.

మామయ్య వచ్చేసరికి వదిన మెట్ల మీద కూర్చుని మిగిలిన కాఫీ తాగుతోంది. ఆయన ఆమెని పైనుంచి కిందిదాకా చూసి, బతికే ఉందని నిర్ధారించుకున్నాకే కోపం తెచ్చుకున్నాడు.

"ఒంటరిగా ఆ గదిలోకి వెళ్ళొద్దని చెప్పానా లేదా? ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు?"

"మూడుసార్లు చాలు మామయ్యా," అంది వదిన, ఫ్లాస్కు మూత బిగిస్తూ. "నాలుగోసారి చెబితే ఏమవుతుందో ఇప్పుడే చూసొచ్చాను."