ఎనిమిదీ పదికి మొగులయ్య హాజరు

పాశమైలారం దిక్కు ఒక మందుల కంపెనీ. దాని వెనక గేటు పక్కన పంపు షెడ్డు. పొద్దుగూకినంక అటు తలకాయ తిప్పి చూసెటోడు లేడు. పంపు నడిపే మొగులయ్య ఇరవై ఏండ్లు ఆన్నే పనిచేసి, జరమొచ్చి ఇంట్ల పాణమిడిసిండు. పాణం ఇంట్ల పోతే పోయింది గని, మనిషి మాత్రం షెడ్డు ఇడువలేదని చెప్పుకునేటోళ్లు. బంద్ చేసిన పంపు గుర్రుమంటదట... బీడీ వాసనొస్తదట...

ఉత్త మాటలని నవ్వెటోళ్లు కూడ ఉండిరి. రెండువేల మూడుల వాళ్ల నవ్వులు కూడ బంద్ అయినయి. ఎందుకంటరా? మొగులయ్య డ్యూటీకొస్తున్నడని కంప్యూటరే చెప్పబట్టె!

ఆ కంప్యూటర్ శకుంతలది. సంగారెడ్డి కిరాణ దుకాణపాయన బిడ్డ, నౌకరీల కొత్తగ చేరింది, ఇంక పక్కా కాలేదు. వెనక గేటు రాత్రి షిఫ్టోళ్లది. వాళ్ల హాజరు రోజూ రాత్రి తొమ్మిదింటికి మేనేజర్‌కు దానంతటదే మెయిల్ పోయేటట్టు ఒక నమూనా తయారుచేసింది. ‘ఫలానా మనిషి, రాత్రి ఫలానా టైముకు వచ్చిండు’. పేరు కాడ ఒక ఖాళీ, టైము కాడ ఒక ఖాళీ. గేటు కాడ కార్డు గీకితే, ఆ దినం మిషన్‌ల పడ్డదంత తెచ్చి కంప్యూటర్ ఆ ఖాళీలు నింపుతది. పిల్ల తన పని చూసుకొని తనే మురిసిపోయింది.

ఎన్ని దినాలు మురిసింది? సోమవారం దాంక.

సోమవారం మెయిల్ అచ్చు తీసి గేటు బోర్డుకు అంటించిన్రు. ఆఖరి లైను చదివినోడు చదివినట్టే నిలవడ్డడు.

‘మొగులయ్య — రాత్రి 8:10.’

మంగళవారం మళ్ల అదే లైను. బుధవారం కూడ!

“ఇయ్యాల ఒక్కనాడు సూస్తం. మళ్ల వస్తే రేపటిసంది మేం రాం,” అన్నరు గురువారం రాత్రి షిఫ్టోళ్లు. మేనేజర్ రామలింగేశ్వరరావు శకుంతలను పిలిచిండు. “చూడమ్మా, శనివారం సరుకు వెళ్ళాలి. ఆ దెయ్యాన్ని నీ మెయిల్లోంచి తీసెయ్. లేకపోతే నీ ఉద్యోగం తీసెయ్యాల్సొస్తుంది.”

 ఈ నౌకరీ పోతే మళ్ల దుకాణంల పప్పులు జోకుడే! ఆ రాత్రే శకుంతల వెనక గేటు కాడికి పోయింది. తోడు వాచ్‌మన్ యాదన్న. ఆయన కట్టె పట్టుకున్నడు గని, కట్టె ఆయనకన్న ఎక్కువ వణుకుతున్నది.

ఎనిమిది గాకముందే అందరూ లోపలికి పోయిన్రు. గేటు మూసిన్రు.

ఎనిమిదీ అయిదు... ఎనిమిదీ ఎనిమిది...

“యాదన్నా — బీడీ వాసన...”

“నాదే మేడం. పాణం ఆగక ముట్టించిన.”

ఎనిమిదీ పది. షెడ్డు కాడ ఆకు కదలలేదు. కార్డు మిషన్ కిక్కురుమనలేదు. పదిహేనయింది, అర్ధగంటయింది — ఎవ్వరు రాలేదు!

హమ్మయ్య అనుకుంట ఇద్దరు ఆఫీసుకొచ్చి కూసున్నరు. తొమ్మిదింటికి మెయిల్ పడ్డది.

‘మొగులయ్య — రాత్రి 8:10.’

“మన ముంగటికెళ్లే పోయిండు మేడం...” యాదన్న కట్టె కిందపడ్డది. శకుంతల ఇంటికి ఎట్ల చేరిందో ఆమెకే యాదిలేదు.

తెల్లారి, పగటిపూట ధైర్యంతోని, ఆ మిషన్‌నే ఊడబీకుదామని వెనక గేటుకొచ్చింది. ఒంగి స్క్రూ తిప్పుతుంటే వెనకనుంచి ఒక చెయ్యి వచ్చింది — టిక్కుమన్నది మిషన్ — సిన్న తెర మీద పేరు మెరిసింది.

మొగులయ్య!

“అమ్మో!” అని ఎగిరిపడి చూస్తే — ముసలామె. కాళ్లకు చెప్పులున్నయి, చేతుల టిఫినుంది.

“ఎందుకు బిడ్డా గట్ల బెదిరితివి? నేను రాజవ్వను. మొగులయ్య పెండ్లాన్ని. క్యాంటీన్ నడిపే కైలాసం సారు సోమవారం సంది ఆడ చాయ్ పనికి పెట్టిండు. కొత్త కార్డు వచ్చేదాంక మా ఆయన కార్డే ఈ గేటు కాడ గీకుమన్నడు.”

శకుంతల గడియారం చూసింది. పొద్దున ఎనిమిదీ పది.

నెత్తి కొట్టుకున్నది. మిషన్ నుంచొచ్చే టైము వెనక ఏఎం, పీఎం అని ఉంటే ముద్దుగ లేదని, అవి తీసేసి, ‘రాత్రి’ అని తన చేతులతోని తనే రాసిపెట్టె! పొద్దుగాల వచ్చినామెను రోజూ చీకట్ల నడిపించింది తనే.

“నీకు కొత్త కార్డు ఇయ్యాలనే ఇప్పిస్త అవ్వా.”

“వద్దు బిడ్డా,” రాజవ్వ కార్డును కొంగుతోని తుడిచింది. “నాకు అక్షరం రాదు గని గీ పేరు ఆనవాలు పడ్త. గీకంగనే ఒక్కసారి కనపడ్తడు. జెర ఆలస్యం చేపియ్యి.”

శకుంతలకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పేరు ముట్టలేదు. టైము ఒక్కటే సక్కజేసి, ఆ మెయిల్ మళ్ల అచ్చు తీసి బోర్డుకు అంటించి, సంగతి మేనేజర్‌కు తీరువాటంగ చెప్తతియ్ అని ఇంటికి పోయింది. మొగులయ్య ఇగ రాత్రి రాడని ఆ రాత్రి షిఫ్టు ఖుషీగ పనిచేసింది.

శనివారం పొద్దుగాల గేటు కాడ గుంపు. మేనేజర్ ఉరికొచ్చిండు.

“ఏమ్మా! దెయ్యాన్ని తియ్యమంటే షిఫ్టు మార్చావా? రాత్రివాళ్ళు వచ్చారు, ఇప్పుడు పగటివాళ్ళు రామంటున్నారు!”

బోర్డు మీద మెయిల్: ‘మొగులయ్య — పొద్దున 8:10.’

శకుంతల ఉరికి క్యాంటీన్ల నుంచి రాజవ్వను చెయ్యి పట్టి గుంజుకొచ్చి అందరి ముంగట నిలబెట్టింది. రాజవ్వ కార్డు పైకెత్తింది. “నేనేరా మీ దెయ్యాన్ని! సోమవారం సంది నా చేతి చాయ్ గుటగుట తాగుతిరి, ఒక్కడన్న బెదిరిండా? నడువుండ్రి లోపటికి!”

గేటంత నవ్వుకుంట లోపటికి కదిలింది. మేనేజర్ కూడ నవ్వాపుకోలేక కండ్లద్దాలు తుడుచుకున్నడు. “నీ ఉద్యోగానికేం ఢోకా లేదులే. ఇంతకీ ఈవిడ కొత్త కార్డు ఎప్పుడొస్తుంది?”

శకుంతల రాజవ్వ దిక్కు చూసింది. ముసలామె కార్డు కొంగుల దాసుకుంటున్నది.

“మిషన్ పాతది సార్... జెర టైం పడ్తది.”