వంకర మూత

"అల్లుడూ, మీ గొడుగుల కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. రేపు పొద్దున నిన్ను కేడీగా వెళ్ళమన్నాడు," అంది అత్తగారు ఫోన్ పెట్టేసి.

అత్తగారికి కుడిచెవి బొత్తిగా వినపడదు. ఎడమచెవి తనకి నచ్చినవే వింటుంది. ఫోన్ మాత్రం ఎప్పుడూ కుడిచెవికే ఆనించుకుంటుంది. ఇదంతా తెలిసీ అల్లుడు ఆవిడ మాట నమ్మాడు. అతను గొడుగులమ్ముకుని బతుకుతున్నాడని పదహారేళ్ళుగా ఆవిడ నమ్మడం లేదూ? నిజానికి అతను ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న గూఢచారి. కోడ్ నేమ్ 'గొడుగు'. డిపార్ట్‌మెంట్ అతన్ని జ్యోతిష్కుడిగా పంపింది, పళ్ళ డాక్టరుగా పంపింది, ఒకసారి నిండు గర్భిణిగా కూడా పంపింది. కేడీ ఒక లెక్కా?

మర్నాడు బుగ్గ మీద కత్తిగాటు అతికించుకుని, మెడకి ఎర్ర రుమాలు చుట్టి, పళ్ళ మధ్య అగ్గిపుల్ల పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. లిఫ్టు తిప్పేవాడు లిఫ్టుని వదిలేసి మెట్లెక్కి పారిపోయాడు. ఇద్దరు గార్డులు గొడుగుని నేల మీద బోర్లా పడుకోబెట్టి పైన కూర్చున్నారు. టైపిస్టు ఫైలు పెట్టి రెండు వడ్డించింది. ఆ గోలకి డిపార్ట్‌మెంట్ పెద్దాయన గదిలోంచి వచ్చి, వంగి, గాటుని ఊడబెరికి చూశాడు.

"క్యాడీ అన్నానయ్యా. గోల్ఫ్ ఆడేవాళ్ళ వెనకాల సంచీ మోసేవాడు. కేడీ కాదు."

ఆఫీసంతా పడీపడీ నవ్వింది. పెద్దాయన ఒక్కడే నవ్వలేదు. గొడుగుని లోపలికి తీసుకెళ్ళి, తలుపు గడియపెట్టి, బల్ల మీద ఒక ఫోటో పెట్టాడు. తెల్ల టోపీ, నల్ల కళ్ళద్దాలు, అందరికీ సమానంగా పంచే నవ్వు. గొడుగు నోట్లో అగ్గిపుల్ల పుటుక్కున విరిగింది.

ఆమె కోడ్ నేమ్ 'లవంగం'. ఇద్దరిదీ ఒకే ట్రైనింగ్ బ్యాచ్. "లవంగంలో ముందు లవ్ ఉంది, ఘాటు తరవాతే," అన్నాడు ఒకరోజు. ఆ ఒక్క జోకుకి నవ్వినందుకే ఆమెని పెళ్ళి చేసుకున్నాడు. నాలుగేళ్ళ కాపురం. పన్నెండేళ్ళ కిందట ఒక బుధవారం చిన్న పెట్టె పట్టుకుని డ్యూటీకని వెళ్ళిన మనిషి, నెల తిరక్కుండా విదేశీ ముఠాలో తేలింది. డిపార్ట్‌మెంట్ ఆమె ఫైలు మీద ద్రోహి అని రాసి మూసేసింది. గొడుగు మాత్రం అత్తగారితో, మీ అమ్మాయిని కంపెనీ విదేశంలో వేసిందని చెప్పాడు. అప్పట్నుంచి ఆవిడ కూతురి కోసం, అతను పెళ్ళాం కోసం, ఒకే ఇంట్లో రెండు గదుల్లో ఎదురుచూస్తున్నారు. ఇంట్లో ఇస్త్రీపెట్టె మిగిలింది, స్త్రీ వెళ్ళిపోయింది అని అతనే జోకేసేవాడు. ఆ జోకుకి నవ్వడానికి ఇంట్లో ఎవరూ లేరు.

"ఎక్కడ?" అన్నాడు గొడుగు.

"సముద్రం ఒడ్డున ఒక గోల్ఫ్ రిసార్ట్. విదేశీ టూరిస్టుల బృందం, వారం ప్యాకేజీ. అందులో సగం మంది ముఠా. ముఠా నాయకుడే టూర్ ఆపరేటర్."

"టార్గెట్?"

"జలాంతర్గాముల్ని పసిగట్టే యంత్రం కనిపెట్టిన మన శాస్త్రవేత్త. గోల్ఫ్ పిచ్చి. శనివారం పోటీకి ముఖ్య అతిథి. అక్కడే లేపేస్తారు. ఎలాగో తెలీదు."

"ఈమె?"

"టూర్ హోస్టెస్." పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. "ఆయన మీదికి వెళ్ళిందంటే, కాల్చాల్సింది నువ్వే."

"ఇంకెవర్నన్నా పంపండి."

"ఇంకెవరికీ ఆమె చెయ్యి కదలకముందే మనసులో మాట తెలీదు. నువ్వు కాపురం చేసినవాడివి."

పరికరాల విభాగంవాడు ఒక నల్ల గొడుగు తెచ్చిచ్చాడు. పిడిలో ట్రిగ్గరు, కర్రలో ఒకే ఒక్క గుండు, వంద గజాల దాకా గురి తప్పదు. "ఒకటే ఇబ్బంది సార్," అన్నాడు మొహమాటంగా. "గొడుగులా మాత్రం విచ్చుకోదు."

రిసార్ట్‌లో ఎండ నెత్తిన కూర్చుని దిగనంటోంది. కొబ్బరిచెట్ల వెనక సముద్రం, ముందు దువ్వినట్టున్న పచ్చిక, దాని మీద చప్పుడు చెయ్యకుండా తిరిగే బ్యాటరీ బళ్ళు. గొడుగు పద్నాలుగు కర్రల సంచీ భుజాన వేసుకుని శాస్త్రవేత్త వెనకాల నడిచాడు. టీ అంటే తాగేది కాదు, బంతి కింద గుచ్చే పుల్ల అని, ఐరన్ అంటే బట్టల మీద రుద్దేది కాదు, బంతిని కొట్టే కర్ర అని రెండు రోజుల్లో నేర్చుకున్నాడు. శాస్త్రవేత్త మంచి ముసలాయన. కొట్టే ముందు బంతితో "వెళ్ళిరామ్మా" అనేవాడు. అది వెళ్ళేది గానీ వచ్చేది కాదు. సముద్రం అడుగున జలాంతర్గామిని పట్టిన మనిషి, మోకాలిలోతు చెరువులో సొంత బంతిని పట్టుకోలేక రోజుకి ఎనిమిది పోగొట్టుకునేవాడు.

గొడుగుకి అక్కడ స్నేహం కుదిరింది గుంటల మేస్త్రితో. బంతి పడే గుంటని ఆయన రోజూ పొద్దున్నే కొత్తచోటికి మారుస్తాడు. లేకపోతే ఒకేచోట అందరూ తొక్కి పచ్చికని చంపేస్తారట. గొట్టంలాంటి కత్తిని నేలలో దింపి, పచ్చికతో సహా ఒక మట్టి దిమ్మ పైకి తీస్తాడు. అది కొత్త గుంట. ఆ దిమ్మని తీసుకెళ్ళి నిన్నటి గుంటలో మూతలాగా దించి, అరచేత్తో అదిమి, నీళ్ళు చల్లుతాడు.

"నిన్నటి గుంట ఎక్కడుందో మర్నాటికి నాకే తెలీకూడదు," అన్నాడు మేస్త్రి. "మూత వెంట్రుకవాసి లేచినా అది నా పని కాదు. ఎవడిదో."

శుక్రవారం తొమ్మిదో గుంట దగ్గర, మంచినీళ్ళ బల్ల వెనక ఆమె నిలబడి ఉంది. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు సీసా అందిస్తోంది. బట్టతల టూర్ ఆపరేటర్ పది గజాల దూరంలో తన బండిలో కూర్చుని, తాళం చెవి వేలికి తిప్పుతూ ఆమెనే చూస్తున్నాడు. గొడుగు వంతు వచ్చింది.

"లావయ్యావు," అంది, పెదవులు కదపకుండా.

"నువ్వు చిక్కిపోయావు."

"అమ్మెలా ఉంది?"

"రోజూ నీ గురించే అడుగుతుంది. నా జవాబు వినపడదు గనక సరిపోయింది."

ఆమె గట్టిగా నవ్వింది, పరాయివాడి జోకుకి నవ్వినట్టు. నవ్వుతూనే బల్ల కింది నుంచి ఒక సీసా తీసి ఇచ్చింది. మూత వంకరగా ఉంది.

నాలుగేళ్ళ కాపురంలో వాళ్ళు పోట్లాడుకున్నది ఆ ఒక్కదాని గురించే. నూనె సీసా, సిరాబుడ్డి, మందు సీసా, ఏదైనా సరే ఆమె మూతపెడితే కుడివైపు లేచి ఉండాల్సిందే. అతను వెనకాలే తిరుగుతూ ఒక్కొక్కటీ సరిచేసి బిగించేవాడు. ఇప్పుడూ అంతే. చెయ్యి అతన్ని అడగలేదు. మూతని తిప్పి, సరిగ్గా కూర్చోబెట్టి, గట్టిగా బిగించేసింది.

ఆమె ఆ చేతినే చూసింది. మొహంలో ఏదో ఆరిపోయింది.

"అలవాటు పోలేదా?"

"నీకూ సరిగ్గా పెట్టడం రాలేదుగా."

"రాదు. చూడగానే నేనే పెట్టానని తెలియాలిగా నీకు." ఆపరేటర్ బండి దిగి ఇటే నడవడం మొదలుపెట్టాడు. ఆమె గొంతు ఇంకా తగ్గింది. "తాగు. తరవాత కాదు, ఇప్పుడే."

శత్రువు చేతి నీళ్ళు ముట్టకూడదన్నది ట్రైనింగులో మొదటి పాఠం. ఆ పాఠం రోజున ఆమె అతని పక్క బెంచీలోనే కూర్చుంది. గొడుగు సీసాని సంచీ అడుగు అరలోకి తోసేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. తాగమని బతిమాలిందంటే విషమే అనుకున్నాడు. పన్నెండేళ్ళుగా నమ్మకూడదని నమ్ముతూ వచ్చిన 'ద్రోహి' అన్న మాటని ఆరోజు సగం నమ్మేశాడు.

శనివారం మధ్యాహ్నం. సముద్రం మీద మబ్బు కమ్ముతోంది. పద్దెనిమిదో గుంట, ఆఖరిది. తాడు కట్టి జనాన్ని వెనక నిలబెట్టారు. ముఖ్య అతిథి గనక ముందు శాస్త్రవేత్తే కొట్టాలి. బంతి గుంటకి పన్నెండడుగుల దూరంలో ఉంది. ఆపరేటర్ తన బండి పక్కన చేతిలో తాళం చెవితో నిలబడ్డాడు. ఆమె తాడు పట్టుకుని ఉంది. గొడుగు తన గొడుగుని చంకలో పెట్టుకున్నాడు. దాని మొన ఆమె వైపే ఉంది. ఆ వైపు ఉంచడానికి భుజం ఎంత నొప్పి పెట్టిందో అతనికే తెలుసు.

"జెండా తియ్యవయ్యా," అన్నాడు శాస్త్రవేత్త.

క్యాడీ పని అది. గొడుగు గుంట దగ్గరికెళ్ళి, వంగి, జెండా కర్ర పైకి లాగాడు. వంగినప్పుడు కనపడింది. గుంటకి నాలుగడుగుల అవతల, పచ్చికలో అరచేతంత వలయం. మట్టిమూత. కుడివైపు గోరంత లేచి ఉంది.

మేస్త్రి పని కాదు. ఎవరిదో. ఎవరిదో ఏమిటి, నాలుగేళ్ళు సరిచేసిన చెయ్యి దాన్ని ఆనవాలు పట్టింది. పొద్దున మేస్త్రి వెళ్ళిపోయాక ఆమె వచ్చి, మేస్త్రి తవ్విన గుంటని మూసేసి, పక్కన ఇంకోటి తవ్వింది. ఎందుకు? ఆ గుంటలో బంతి పడకూడదు గనక. పడితే పేలేది అందులో ఉంది గనక. చంపేదైతే ఎందుకు మారుస్తుంది?

అతను వెనక్కి నడిచాడు. ఆమె ద్రోహి కాదు. మనదే. పన్నెండేళ్ళుగా మనదే.

"వెళ్ళిరామ్మా," అన్నాడు శాస్త్రవేత్త. ఆయన జీవితంలో మొట్టమొదటిసారి బంతి వెళ్ళాల్సిన చోటికే వెళ్ళింది. టక్కున గుంటలో పడింది. జనం చప్పట్లు కొట్టారు. ఆపరేటర్ కొట్టలేదు. గుంట వైపు చూశాడు. పేలలేదు. ఆమె వైపు చూశాడు. అర్థమైంది. తాళం చెవి పచ్చిక వైపు ఎత్తాడు. అది బండి తాళం కాదు, బాంబుకి రెండో మీట. అప్పటికే ఆమె తాడు దాటి శాస్త్రవేత్త వైపు పరిగెడుతోంది.

ఉన్నది ఒకే గుండు. దాన్ని ఆమె పేరు మీద పంపారు. గొడుగు మొన తిప్పి ఆపరేటర్‌ని కాల్చాడు. ఆ గుండు ఈ బోడిగుండుకి తగిలుంటే లెక్క సరిపోయేది, చేతికి తగిలింది. తాళం చెవి ఎగిరి గడ్డిలో పడింది. ఆమె శాస్త్రవేత్తని ఒక్క తోపుతో పచ్చిక మీంచి పక్కనున్న ఇసక పల్లంలోకి దొర్లించింది.

అప్పుడు రెండో చప్పుడు వినపడింది.

గొడుగు చేతిలోదాని వంక చూసుకున్నాడు. అందులో ఇంకో గుండు లేదు. నీళ్ళ ట్యాంకు మీద పెద్దాయన ఇంకో మనిషిని పెట్టాడు, గొడుగుకి చెప్పకుండా, గొడుగు చెయ్యి వణుకుతుందేమోనని. ఆ మనిషికి దుర్భిణిలో కనపడింది ఒకటే: ద్రోహి అని ఫైల్లో రాసున్న మనిషి శాస్త్రవేత్త మీదికి దూకడం. అతను తన పని తప్పులేకుండా చేశాడు.

గొడుగు ఆమె తలని ఒళ్ళోకి తీసుకున్నాడు. వాన మొదలైంది. పెద్ద పెద్ద చినుకులు ఆమె మొహం మీద పడుతున్నాయి. అతను గొడుగు పిడి నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. అది విచ్చుకోలేదు.

"సీసా మూత తియ్యలేదా?" అంది ఆమె.

"లేదు."

"బిగించావు." నవ్వబోయింది. "బిగిస్తావని నాకు తట్టాల్సింది."

ఆ తరవాత ఇంకేమీ అనలేదు. చాలాసేపు అతను అరచెయ్యి అడ్డుపెట్టి ఆమె కళ్ళ మీద వాన పడకుండా చూశాడు.

బాంబుల దళం మట్టిమూత కింది నుంచి డబ్బా తీసుకుపోయాక, గొడుగు సంచీ అడుగు అరలోంచి సీసా తీసి మూత విప్పాడు. మూత లోపల ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన చీటీ. ముఠాలో పదకొండు మంది పేర్లు. వాటి కింద: "బాంబు పద్దెనిమిదో గుంటలో పెడతారు. గుంట నేను మారుస్తాను. ఆపరేటర్ తాళం చెవి కనిపెట్టి ఉండు. నన్ను పంపింది పాత పెద్దాయన. ఈ సంగతి ఆయనొక్కడికే తెలుసు. ఆయన పోయాక వెనక్కి పిలిచేవాళ్ళు లేకపోయారు. ఈ పని అయ్యాక ఇంటికొచ్చేస్తా."

సోమవారం పొద్దున అత్తగారి ముందుగదిలో చోటు చాల్లేదు. పెద్దాయన, టైపిస్టు, పరికరాలవాడు, చేతికి కట్టుతో శాస్త్రవేత్త. గుమ్మంలో వీధి వీధంతా నిలబడింది. అల్లుణ్ణి కంపెనీ కేడీని చేసిందని అత్తగారు వారం క్రితమే ఊరంతా చాటింది. ఇప్పుడు గవర్నమెంటు కార్లు వచ్చాయి గనక పట్టుకెళ్ళడానికే అనుకున్నారు. పక్కింటాయన సాక్ష్యం చెప్పడానికి చొక్కా కూడా మార్చుకుని వచ్చాడు.

గొడుగు అత్తగారి ఎడమచెవి దగ్గర వంగి, గుమ్మం దాకా వినపడేలా చెప్పాడు.

"కేడీ కాదత్తయ్యా, క్యాడీ. గోల్ఫ్ ఆటలో సంచీ మోసేవాణ్ణి. నేను గొడుగులమ్మలేదు. మీ అమ్మాయీ అమ్మలేదు. పన్నెండేళ్ళు దేశం కోసం దొంగల మధ్య ఉంది. ఆమె దొంగనుకుని వీళ్ళు పొరపాటుపడ్డారు. నేనూ పడ్డాను."

ఆమె ఇక ఇంటికి రాదన్న ముక్క కూడా చెప్పాడు. పెద్దాయన లేచి నిలబడి తల దించుకున్నాడు. ఆరోజు అత్తగారి ఎడమచెవికి, నచ్చనిది కూడా మొదటిసారి వినపడింది.

ఆవిడ అడిగింది. "ఎవరి సంచీ మోశావు బాబూ?"

"ఇదిగో, వీరిది. మీ అమ్మాయి ఇచ్చిన నీళ్ళు అందులోనే ఉండిపోయాయి," అంటూ శాస్త్రవేత్తని చూపించి, సీసా తీశాడు గొడుగు.

ఆవిడ సీసా అందుకుంది. మూత తీసి, ఒక్క గుక్క తాగి, మళ్ళీ మూతపెట్టింది. కుడివైపు లేచి, వంకరగా.

గొడుగు చెయ్యి ముందుకెళ్ళింది. సగం దూరం వెళ్ళి ఆగింది. వెనక్కొచ్చి జేబులో దాక్కుంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో డిపార్ట్‌మెంట్ కంట పడకుండా అతను దాచగలిగింది ఆ చెయ్యొక్కటే.